పది నిమిషాల మంచి మాటలు

మొన్న మధ్యాహ్నం టీవీలో ఆ రాజుగారి సినిమా మళ్ళీ వచ్చింది. పేరు చెప్పను. చెబితే మీరు సినిమా గురించే అడుగుతారు, నేను చెప్పదలచింది మా బావ గురించి.

నలభై ఏళ్ళ కిందటి మాట. అబుదాబి బయట మఫ్రఖ్‌లో కూలీల క్యాంపులో ఒకే గదిలో ఎనిమిది మందిమి. అందులో నేనూ, మా అక్క మొగుడూ. మాలో చదువు వచ్చినవాళ్ళు తక్కువ. అందుకని టేపురికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, సెలవు మీద ఊరికి పోయేవాళ్ళ చేత ఆ కేసెట్ పంపేవాళ్ళం. ఊళ్ళో కేసెట్ వచ్చిందంటే వాడకట్టంతా చుట్టూ చేరి వినేది, మొగుడూ పెళ్ళాల ముచ్చట్లతో సహా. సిగ్గుపడితే దుబాయ్ బతుకు సాగుతుందా!

ఆ ఏడు బావ తమ్ముడు పంపిన కేసెట్లో ఒక చాడీ వచ్చింది. వదిన, అంటే మా అక్క, బీడీల కార్ఖానాలో గుమస్తాతో నవ్వుతూ మాట్లాడుతోందట. అంతే. బీడీలు చుట్టి అప్పజెప్పే మనిషి గుమస్తాతో మాట్లాడక గోడతో మాట్లాడుతుందా? ఎంత చెప్పినా బావ చెవిన పెట్టలేదు. అరగంట కేసెట్ నిండా తిట్టి, పుట్టింటికి పొమ్మని చెప్పి, శనివారం విమానమెక్కే మనిషికి ఇవ్వడానికి తలగడ కింద పెట్టుకున్నాడు. మా అక్క కాపురం ఆ తలగడ కింద ఉంది.

శుక్రవారం సెలవు. భోజనాలయ్యాక వీసీఆర్ అద్దెకు తెచ్చి ఆ సినిమా పెట్టారు. చెప్పుడు మాట విని రాజు రాణిని కోట దాటిస్తాడు. మా గోదావరి వంటమాస్టారు ఊరుకుంటాడా! "పనీపాటా లేకపోతే ఇలాంటి అనుమానాలేనండి. మా మేనేజరు ముదీర్ కింద రెండ్రోజులు పనికి పెడితే ఖలాస్," అన్నాడు. అందరూ నవ్వారు, బావ తప్ప. నిజం తెలిసిన రాజు నెరిసిన గడ్డంతో వెతుక్కుంటూ వెళ్ళేసరికి రాణి ఇక లేదు. బావ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు. నేనూ వెళ్ళాను.

"బామ్మర్దీ, టేపు తీస్కరా. మంచిగ మాట్లాడుత," అన్నాడు.

కొత్త కేసెట్ లేదు. పాతదాని మీదనే మొదటినుంచి మళ్ళీ రికార్డు చేశాం. మీట నొక్కింది నేనే. తప్పయిందన్నాడు, ఏడ్చాడు, నువ్వు లేకుంటే నాకెవరున్నారన్నాడు. అలవాటు లేని మాటలు కదా, పది నిమిషాలకే అయిపోయాయి. సంతోషంలో నేను టేపు ఆపేసి, మొదటికి తిప్పి పొట్లం కట్టాను. దాని వెనక ఇరవై నిమిషాల కోపం చెరగకుండా అలాగే ఉందన్న సంగతి నా మట్టిబుర్రకు తట్టలేదు.

ఊళ్ళో అందరూ కూర్చుని విన్నారు. బావ ఏడిస్తే అక్క కూడా ఏడ్చిందట. ఆ వెంటనే అదే గొంతు, "నేనొచ్చేసరికి నా ఇంట్ల కనవడొద్దు," అన్నది. అక్క మూట కట్టుకుని మా అమ్మ దగ్గరికి పోయింది. ఉత్తరం వచ్చి మాకు తెలిసేసరికి రెండు నెలలు. పాస్‌పోర్టు మమ్మల్ని పనికి రప్పించుకున్న కఫీల్ దగ్గర, సెలవుకు ఇంకా ఏడాదిన్నర. ఆ తర్వాత పంపిన కేసెట్లు అక్క విననే లేదు. టేపు మీట మాత్రం బావ మళ్ళీ నా చేత నొక్కించలేదు. తిట్టినా బాగుండేది.

చివరికి బావే వచ్చి మా గడపలో నిలబడ్డాడు. అక్క ఆయన వెంట వెళ్ళింది. పిల్లలు పుట్టారు, కాపురం నిలిచింది. కానీ ఆయన ఎప్పుడు ప్రేమగా ఒక మాట అన్నా ఆమె వెంటనే పలికేది కాదు, కాసేపు ఊరుకునేది. ఎందుకని ఒకసారి అడిగాను. "ఇంకేమన్న ఉన్నదేమోనని ఆగుత తమ్మీ," అన్నది.

బావ పోయి మూడేళ్ళు. ఆ పది నిమిషాల మాటలే నిజమని ఆమెను నమ్మించడానికి ఆయనకు దొరికిన ముప్పై ఐదేళ్ళూ చాలలేదు.