గీత చెక్కేదాకా కడగని గోడ

2002 ఆగస్టు వరద తీసి మూడు వారాలైంది. నీళ్ళవీధిలో ఇళ్ళన్నీ కడుక్కుని, కిటికీలు బార్లా తెరుచుకుని, బల్లలూ పరుపులూ రాళ్ళబాట మీద ఆరబెట్టుకుని ఉన్నాయి. ఒతావ నదికి ఎదురుగా ఉన్న మొదటి ఇల్లు మాత్రం బురద చొక్కా విప్పలేదు. మేడమీది కిటికీల నడుమదాకా గోధుమరంగు, ఆ పైన పాత సున్నపు తెలుపు. రెంటికీ మధ్య దారం పట్టి లాగినట్టు ఒక అంచు.

ఆ ఇంట్లో వ్లాస్తా తూమోవా ఒక్కతే ఉంటుంది. అరవై నాలుగేళ్ళ మనిషి. సమాధిరాళ్ళ మీద చెక్కిన అక్షరాలకి బంగారు రేకు అద్దడం ఆవిడ పని. ముప్పై ఆరేళ్ళు చేసింది. వాళ్ళ ఊరు స్కాలిన్ శ్మశానంలో ఎవరి పేరు మెరుస్తున్నా ఆ మెరుపు వ్లాస్తా చేతిదే.

ఎదురుగా బీరుకొట్టు నడిపే ఫెర్దా రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడి, ఆ గోడ ఎండాక దానిమీద బంగాళాదుంపలు వేస్తావా అని అడిగేవాడు. నీ కొట్లో బీరు కన్నా ఈ బురదే చిక్కగా ఉందిలే అనేది వ్లాస్తా. ఇద్దరూ ఒక బడిలో చదువుకున్నవాళ్ళు. గోడ ఎందుకు కడగలేదో ఫెర్దాకి తెలియక కాదు.

స్కాలిన్‌లో ఒక పద్ధతి ఉంది. వరద తీశాక తూమా వాళ్ళ ఇంటి, అంటే వ్లాస్తా ఉండే ఇంటి, మూలరాళ్ళ మీద నీళ్ళు ఎంతెత్తు వచ్చాయో గీత చెక్కాలి. చెక్కేదాకా ఆ గోడమీద చుక్క నీళ్ళు పడకూడదు. చెక్కిన మనిషి నిచ్చెన దిగాక ఇంటి పెద్ద ఒక గ్లాసు బీరు ఆ గీతమీద పోసి, నదితో ఒక మాట చెప్పాలి: "ఇక్కడిదాకా నీది. పైది మాది." ఆ తర్వాతే బకెట్లు.

ఆ మూలరాళ్ళు చదివితే చాలు, ఈ ఊరెలాంటిదో తెలిసిపోతుంది. అన్నిటికన్నా కింద 1675. నది ఇసుకలో బంగారు రేణువులు కడుక్కుని బతికినవాళ్ళ కాలం. అంకెలు వంకరటింకర, ఆరు తిరగబడి ఉంటుంది. దానిపైన 1784. మిల్లు యజమాని చెక్కించాడు కాబట్టి సంవత్సరం కన్నా ఆయన పేరే పెద్దది. 1845 మంచుగడ్డల వరద. తెప్పలు నడిపేవాళ్ళు అంకెలు చెక్కే ఓపిక లేక గొడ్డలి గుర్తు వేసి పోయారు. 1890 మేడ నేలకి ఒక జానెడు కింద ఉంటుంది, నెత్తిన చక్రవర్తి కిరీటంతో. అన్నిటికన్నా ఎత్తైన గీత అదే. స్కాలిన్ వాళ్ళు ఇల్లు కాలితే ఏడుస్తారు గాని నది ముంచితే ఏడవరు. ఎంత ముంచిందో గోడమీద రాసి దాని ఎదురుగానే మళ్ళీ కాపురం పెడతారు. మొండితనం అనండి, మరేదైనా అనండి.

కిరీటానికి కాస్త కిందగా 1954 ఉంది. అది వ్లాస్తా తండ్రి అలోయిస్ తూమా చెక్కాడు. అందమైన అంకెలు. అందులో బంగారం అద్దింది పదహారేళ్ళ వ్లాస్తా. ఆవిడ చేసిన మొదటి పని అది.

ఆ గీత అబద్ధం.

ఆ ఏడు జూలైలో నీళ్ళు మేడమీద మొలలోతు వచ్చాయి. అలోయిస్ సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని ఉలి అందుకునేసరికి ఊరి కమిటీ అధ్యక్షుడు వచ్చాడు. కింద పచ్చికబయల్లో కార్మికులకి ఇళ్ళు కడుతున్న రోజులు. ఆయన కిరీటం వంకా సుద్దగీత వంకా చూసి, చక్రవర్తి కాలంలో వచ్చిన వరద కన్నా మన కాలంలో పెద్ద వరద ఎలా వస్తుంది కామ్రేడ్ తూమా అని మెల్లగా అడిగాడట. నీళ్ళకి ఆ సంగతి తెలియదు కదండీ అన్నాడు అలోయిస్. అధ్యక్షుడు నవ్వి, మీ అమ్మాయి శిల్పవిద్యాలయానికి దరఖాస్తు పెట్టిందట కదా, బాగా చదువుతుందా అని మాట మార్చాడు. అంతే. సుద్దగీత చెరిగింది. ఉలి కిరీటం కిందకి దిగింది. ఆ తర్వాత వ్లాస్తాకి ఆ సీటూ రాలేదు.

పద్ధతి ప్రకారం గోడ కడిగేశారు. ఆ వరద రోజుల్లో వీధివాళ్ళందరినీ కొండమీద బడికి తరలించి, గోడలన్నీ కడిగించాకే దిగనిచ్చారు కాబట్టి నీళ్ళు ఎంతెత్తు వచ్చాయో కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ. చూసినవాళ్ళూ నోరు మెదపలేదు. ఏళ్ళు గడిచాయి. చివరికి గీతే నిజమై కూర్చుంది.

1979లో మంచాన పడ్డ అలోయిస్, మేడమీది బీరువా జరిపి చూడమన్నాడు కూతుర్ని. దాని వెనక గోడలో, ఆవిడ మొలెత్తున, వేలి గోరంత ఉలి గాటు ఉంది. అంకె లేదు. "నీళ్ళొచ్చింది అక్కడిదాకా," అన్నాడు. "నాకు ధైర్యం చాలలేదు. నీకు చాలితే బయట చెక్కు."

వ్లాస్తా బీరువా మళ్ళీ గోడకి జరిపేసింది. అప్పుడు కమిటీ అంటే భయం. కమిటీలు పోయాక భయం సిగ్గుగా మారింది. అలోయిస్ తూమా అంటే ఊళ్ళో రాయి చెక్కడంలో తిరుగులేని మనిషి. ఆ పేరు మీద తనే బురద చల్లాలా అని ఒక ఏడు, వచ్చే ఏడు చూద్దాంలే అని ఇంకో ఏడు. అలా ఇరవై మూడేళ్ళు.

ఈ ఆగస్టులో సైరన్ మోగింది. 1954 లాంటి వరద వస్తుందని ఫైరింజన్ వాళ్ళు మైకులో చెప్పుకుంటూ వీధి వెంట పోయారు. పక్కింటి ఒతిలియే కిటికీలోంచి తల బయటపెట్టింది. బడిలో వంటమనిషిగా చేసి మానేసిన ఆవిడ. రేగుపండ్ల జామ్ పెట్టడంలో ఆవిడకి సాటి ఎవరూ లేరని ఆవిడే చెప్పేది.

"1954 అయితే మీ నాన్న గీత మేడ నేలకి కిందే కదే," అంది. "నేను మేడమీదే కూర్చుంటాను. పిల్లీ, జామ్ సీసాలూ నాతోనే."

"రావే, కొండమీద బడికి పోదాం," అంది వ్లాస్తా.

"ఆ బడి వంటింటి కంపు ముప్పై ఏళ్ళు భరించాను, చాలు. గీత ఉండగా నీకెందుకే అంత కంగారు?"

"నీళ్ళని నమ్మకు ఒతిలియే."

అంతవరకే అంది. గీతని నమ్మకు అనలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

మర్నాడు సాయంత్రం ఒతిలియేని మేడ కిటికీలోంచి పడవలోకి దించారు. పిల్లిని బీరువా నెత్తినెక్కించి, అప్పటికి ఐదు గంటలుగా నీళ్ళలో నిలబడి ఉంది. ఊపిరితిత్తుల్లోకి జబ్బు దిగింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి కన్నుమూసింది. శ్మశానంలో మేయర్ లుబోష్ హాజెక్, ఎవ్వరూ ఊహించని వరద అన్నాడు.

లుబోష్ చెడ్డవాడు కాదు. ఈ వీధిలోనే పెరిగాడు. ఇరవై రోజులుగా రబ్బరు బూట్లు విప్పలేదు. కాని ఊళ్ళో మూడోవంతు ఇళ్ళు కూలాయి, జనం సామాన్లు సర్దుకుంటున్నారు. కింద పచ్చికబయల్లో నలభై కొత్త ఇళ్ళు వేస్తే తప్ప ఊరు నిలవదని అతని లెక్క. స్థలం చూడడానికి శుక్రవారం ప్రాగ్ నుంచి మనుషులొస్తున్నారు. ఆ బురద అంచు నుంచి పచ్చికబయలు మీదికి చూపు సాగదీస్తే నలభై ఇళ్ళూ కప్పుతో సహా నీళ్ళకిందే.

మంగళవారం లుబోష్ వ్లాస్తా ఇంటికి వచ్చి తిరగేసిన పెట్టెమీద కూర్చున్నాడు. వ్లాస్తా బంగాళాదుంప సూప్ పోసింది.

"అత్తా, వంతెన దగ్గర కొలత రాసేశాం," అన్నాడు. "ఇత్తడి పలక కూడా వచ్చింది. కిరీటం పక్కనే బిగించేస్తాం. నువ్వు గోడ కడిగేసుకో."

"వంతెన దగ్గర కొలబద్ద మధ్యాహ్నమే విరిగి కొట్టుకుపోయిందిగా."

"విరిగే ముందు చూసిందే కొలత."

"ఒతిలియే మునిగింది అది విరిగాక. అంటే ఆవిడ కొలతలోకి రాదన్నమాట."

లుబోష్ చెంచా కింద పెట్టాడు. ఊరు ఖాళీ అయిపోతే నీ గోడ ఎవరు చదువుతారు అత్తా అని అడిగాడు. ఆవిడ సూప్ చల్లారిపోతోంది తాగమంది. అతను లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"అలోయిస్ తాతే ఉంటే ఊరి మాట వినేవాడు."

"విన్నాడు," అంది వ్లాస్తా. "అదే కదరా."

అతనికి అర్థం కాలేదు. చెప్పడానికి ఆవిడ ఇంకా సిద్ధంగా లేదు.

ఊళ్ళో రాయి చెక్కేవాడు ఒక్కడే. అతనికి శుక్రవారం దాకా భుజం నొప్పి అని కబురొచ్చింది. నగరసభ పనులన్నీ చేసేది అతనే కాబట్టి ఆ నొప్పి ఎక్కడిదో అడగనక్కర్లేదు. వ్లాస్తా ఎప్పుడూ ఉలి పట్టలేదు. ఇతరులు చెక్కిన దాంట్లో బంగారం నింపడమే ఆవిడ బతుకు. గురువారం పొద్దున అటకమీద తండ్రి పెట్టె తెరిచింది. ఉలులు నూనెగుడ్డలో చుట్టి, నిన్న పెట్టినట్టే ఉన్నాయి. ఫెర్దా కొట్టుకి వెళ్ళి నిచ్చెన అడిగింది.

"నిచ్చెన ఇస్తాను. కిందపడితే బంగారు అక్షరాలు ఎవరద్దుతారు నీకు?" అంటూనే తెచ్చి మూలకి ఆనించి, కాలు అడ్డంపెట్టి పట్టుకున్నాడు.

మొదటి దెబ్బ జారి బొటనవేలు చిట్లింది. చేతిగుడ్డ చుట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. గట్టి రాయి. ఉలి ఎగిరెగిరి పడుతోంది. బురద అంచు వెంబడి గీత లాగి, పక్కన 2002 చెక్కేసరికి బడిగంట కొట్టారు. అంకెలు 1675 నాటివాడు చెక్కినట్టే ఉన్నాయి. తర్వాత ఒక వేలెడు కిందికి దిగి ఇంకో గీత మొదలుపెట్టింది. పక్కన ఒకటి, తొమ్మిది, ఐదు, నాలుగు.

"ఒసే, తప్పు చెక్కావు," అన్నాడు ఫెర్దా. "1954 కింద ఉందిగా."

వీధిలో బల్లలు తోముకుంటున్నవాళ్ళు తలలెత్తారు. వ్లాస్తా నిచ్చెన మీదనుంచే చెప్పింది. సుద్దగీత, అధ్యక్షుడు, శిల్పవిద్యాలయం, బీరువా వెనక గాటు. గొంతు తగ్గించలేదు. నమ్మనివాళ్ళు మేడమీదికి పోయి చూసుకోండి, బీరువా జరిపే ఉంచానంది.

నిచ్చెన మీద కొన్ని మెట్లు దిగి తండ్రి అందమైన గీత దగ్గర ఆగింది. దాన్ని చెరపలేదు. దాని పక్కనే ఇలా చెక్కింది: "ఇది అబద్ధం. భయపడి చెక్కినది అ. తూమా." ఇక దిగుతుందనుకున్నారు. దిగలేదు. చెయ్యి దులుపుకుని కిందే ఇంకో వరస మొదలుపెట్టింది: "తెలిసీ చెప్పనిది వ్లా. తూమోవా."

ఫెర్దా పైకి చదువుకున్నాడు. నిచ్చెన వదలకుండానే అడిగాడు.

"ఎన్నేళ్ళ నుంచి తెలుసు?"

"ఇరవై మూడు."

"ఒతిలియే అడిగినప్పుడు కూడా?"

"అప్పుడూ తెలుసు."

ఆవిడ దిగేదాకా పట్టుకుని, నిచ్చెన వదిలేసి కొట్లోకి వెళ్ళిపోయాడు. ఇంక రాడనుకుంది వ్లాస్తా. వచ్చాడు, చేతిలో ఒక్క గ్లాసుతో.

"ఇది గీతకి," అన్నాడు. "నీకు కాదు."

అలాగేనంది. మళ్ళీ నిచ్చెనెక్కి బీరు కొత్త గీతమీద పోసింది. నురగ బురదలోంచి చారలు కట్టింది. "ఇక్కడిదాకా నీది," అంది నదితో. వీధంతా మిగతా సగం మాట కోసం చూసింది. పైది మాది అని ఆవిడ అనలేదు. గ్లాసు బోర్లించుకుని దిగింది.

మధ్యాహ్నానికి లుబోష్ పరుగున వచ్చాడు. చేతిలో నోటీసు, జిగురు డబ్బా. రేపు పొద్దుటిలోగా గోడ కడగాలి, అనుమతి లేకుండా రాతిమీద చెక్కినవి పూడ్చాలి, లేకపోతే జరిమానా. ముందు పైగీత చూశాడు, తర్వాత కింది వరసలు. రెండో వరస దగ్గర చాలాసేపు ఆగాడు. ఒతిలియే బడి వంటింట్లో అతనికి రెండోసారి కూడా వడ్డించేదని ఆ వీధిలో అందరికీ తెలుసు.

"చెక్కింది పూడ్చను," అంది వ్లాస్తా. "పూడిస్తే మళ్ళీ చెక్కుతాను. ఇప్పుడు చెయ్యి తిరిగింది."

"అత్తా, ఇది అంటించకపోతే నా ఉద్యోగం..."

"అంటించుకోరా, ఎవరొద్దన్నారు?" మూలకి ఆనించి ఉన్న నిచ్చెన చూపించింది. "గీతకి పైన అంటించు. కింద అయితే తడిసిపోతుంది."

లుబోష్ తలెత్తి, మేడ కిటికీల నడుమనున్న ఆ అంచుదాకా చూశాడు. జిగురు డబ్బా చేతిలోనే ఉంది. వ్లాస్తా లోపలికి వెళ్ళి బకెట్ తెచ్చింది. చొక్కా చేతులు మోచేతులదాకా మడుచుకుని, గోడ కడగడం మొదలుపెట్టింది.