మా వైఫైలో దాదా

మా వైఫై వాడుతున్న ఫోన్లలో ‘దాదా’ అనే పేరు చూడగానే నా గుండె గుభేలుమంది.

కంపెనీ ఇచ్చిన రౌటర్ మాటిమాటికీ మొరాయిస్తోందని, ఆ సాయంత్రం మావారు దాన్ని నడిపించే ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్ తీసేసి వేరేది వేశారు. పాస్‌వర్డ్ మాత్రం పాతదే. వైఫై ఎవరెవరు వాడుతున్నారో ఈ కొత్తదానిలో పేర్లతో సహా కనిపిస్తుంది. గుంటూరు నుంచి కలకత్తా కాపురానికొచ్చిన నాకు దాదా అంటే ఇప్పటికీ రౌడీయే. పైగా పిల్లలు ఆడుకునే హాల్లో కెమెరా కూడా ఆ వైఫై మీదే నడుస్తుంది. గబగబా దాని మీద తువ్వాలు కప్పాను.

మావారు హౌరాలో పుట్టి పెరిగిన శ్రీకాకుళం మనిషి. “ఏటే ఆ కంగారు? ఈ ఊళ్లో అందరూ దాదాలే కదేటి!” అని నవ్వారు.

“అదే నా భయం! కేబుల్ దాదానా, పై వాటా దాదానా? మొన్న పాస్‌వర్డ్ అడిగింది ఆయనే. ముందు ఆపేయండి!”

ఆయన ఆ ఫోన్‌కి నెట్ ఆపేశారు. మరుక్షణం, చదువుకుంటున్నాడనుకున్న మా పదేళ్లవాడు గదిలోంచి కేక పెట్టాడు. “అమ్మా, నా గేమ్ ఆగిపోయింది!”

వాడి చేతిలో నేను పక్కన పడేసిన పాత ఫోన్ ఉంది. “దానికి పేరు నేనే పెట్టాను. మా బళ్లో అన్నని దాదా అనే అంటారు” అంది వాడి చెల్లెలు గర్వంగా.

భయం తీరింది గానీ అనుమానం పోలేదు. ఇప్పటికీ ఆ పేర్లు ఒకసారి చూస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

మర్నాడు పొద్దున కూతురితో, “ఇంట్లో అన్నయ్య అనే పిలువు” అన్నాను. కొడుకు వైపు తిరిగి, “ఆ ఫోన్ ఇలా ఇవ్వు, దాదా” అన్నాను.