గుర్వయ్య బస్సు నడిపిన సాయంత్రం

భిక్షపతికి ఉన్నది ఒకటే పిచ్చి: ఎవరు పేరడిగినా చచ్చిపోయినవాళ్ల పేరు చెప్తాడు. తన పేరుతో పిలిస్తే పలకనే పలకడు. దవాఖాన చీటీ మీద సైదులు అని రాయిస్తాడు. కాంపౌండరు "సైదులూ!" అని కేకేస్తే బెంచీ మీది ముసలివాళ్లంతా ఉలిక్కిపడి లేచి నిలబడతారు. సైదులు పాడె మోసింది వాళ్లే మరి!

"సైదులు పోయిండు కదనే తాతా!"

"పోతే? జరమొచ్చింది నాకు. పేరుకేం రోగం?"

అలాంటి మనిషి చేతిలో పడింది టీపొడి కంపెనీవాళ్ల వీడియో గేమ్ పోటీ. దాని చరిత్ర గర్వంగానే చెప్పుకోవాలి. సర్కసువాళ్లు కూడా ఆగని మా మక్తల్‌లో, తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఐదో ఏడు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు, ఆ కంపెనీ వ్యాను ఆగింది. రెండు ఖాళీ టీపొడి పాకెట్లకు ఒక ఆట. తెర మీద ఘాట్ రోడ్డు, ముందు కుర్చీ, స్టీరింగు. బస్సును లోయలో పడేయకుండా కొసకు చేర్చాలి. జీవితమంతా ట్రాక్టరు నడిపిన భిక్షపతి మొదటి ఏడే గెలిచాడు. బాలయ్య పేరుతో.

మర్నాడు మేనేజరు దివాకర్ ప్రెషర్ కుక్కర్ పట్టుకుని బాలయ్య ఇంటికి వెళ్లాడు.

"బాలయ్యగారున్నారా?"

"ఉన్నడు సారు, లోపటికి రాండ్రి" అంది బాలయ్య భార్య అరుణమ్మ.

లోపల గోడకు ఉన్నాడు బాలయ్య, దండతో సహా. దివాకర్ కుక్కర్ కింద పెట్టి వెనక్కి వెనక్కి నడిచాడు. ఆయన చెప్పులు ఇప్పటికీ అరుణమ్మ గడప ముందే ఉన్నాయి. మరుసటేడు గెలిచింది సైదులు. మిక్సీని ఆటోలో పంపించారు. మనిషి రాలేదు.

తర్వాత కరోనా. పోటీ మళ్లీ వచ్చేసరికి ఆర్టీసీ డ్రైవరు గుర్వయ్య పోయి ఏడాది. ఆయన భార్య నర్సింగమ్మ ఆనాటి నుంచి గడప దాటలేదు. తిండి సగం, మాట సున్న. పక్కింటి భిక్షపతి రోజూ తలుపు తట్టేవాడు. లోపలి నుంచి గడియ బిగించిన చప్పుడొక్కటే జవాబు.

ఆ తలుపుకు ఎదురుగానే వ్యాను ఆగింది. పోయినవాళ్లను తలచుకుని బియ్యం, కూరలు దానమిచ్చే పెత్రమాస అది. మబ్బుపట్టి సాయంత్రానికే మసక కమ్మింది. మైకు పట్టుకున్నది షాద్‌నగర్ పిల్ల మెర్సీ, ఊరికి కొత్త.

"తర్వాతి డ్రైవర్ గుర్వయ్య! గుర్వయ్య గారూ, ఎక్కడున్నారు?"

బజారు చల్లబడింది. డేవిడ్ హోటల్లో గ్లాసుల చప్పుడు ఆగింది. ఖాళీ కుర్చీ ముందు స్టీరింగు దానంతటదే సన్నగా వణికింది. అప్పుడు మూసిన తలుపు వెనక నుంచి ఒక గొంతు:

"వస్తడు. జర ఆగుండ్రి."

మెర్సీ చేతిలో మైకు కిచకిచలాడింది. "ఎవరది అన్నా?"

"గుర్వయ్య పెండ్లాం" డేవిడ్ గుసగుసలాడాడు. "డిపో నుంచి ఎవలు పిలిచినా గట్లనే చెప్పేది."

భిక్షపతి తీరిగ్గా కుర్చీలో కూర్చున్నాడు. మొదటి మలుపులోనే బస్సు లోయలో పడింది. జనంలో నుంచి ఇంకో రెండు పాకెట్లు ముందుకొచ్చాయి.

"గుర్వయ్య బస్సు చెట్టుకు గుద్దింది!" అంది మెర్సీ. తలుపు వెనక గడియ కదిలింది.

"గుర్వయ్య బస్సు మేకలమంద మీదికి పోయింది!"

తలుపు తెరుచుకుంది. పాలిపోయిన మొహం, విరబోసిన జుట్టు, చప్పుడు లేని నడక. జనం రెండుగా చీలిపోయారు. మెర్సీ మెడలోని సిలువ పట్టుకుంది.

"లే!" అంది నర్సింగమ్మ. "నా మొగడు ముప్పై ఏండ్లు బస్సు నడిపిండు. ఒక్క కోడిపిల్లను తొక్కలే. నువ్వు మందనే తొక్కిస్తవా?"

"నేనేం జేసిన వదినె? గుర్వయ్యనే నడుపుతాండు."

"ఆయన పేరు బజార్ల ఖరాబు చేసినవ్. లే ముందు!" కుర్చీలో కూర్చుని కొంగు బిగించింది. "గేరేడున్నదే పిల్లా?"

"గేర్ ఉండదు అవ్వా."

"గేర్ లేని బస్సేంది, మీ మొహం!"

ఆమె బస్సు కూడా లోయలోనే పడింది. "మల్ల పెట్టు" అంది. మళ్లీ పడింది. ఈసారి ఆమెకు నవ్వొచ్చింది.

డేవిడ్ భిక్షపతి పక్కన చేరాడు. "నువ్వు రెండుసార్లు గెలిచిన రోడ్డే కదనే తాతా ఇది?"

"కండ్లల్ల దుమ్ము వడ్డది" అన్నాడు భిక్షపతి, తెరిచి ఉన్న తలుపు వైపు చూస్తూ.

నర్సింగమ్మ మెర్సీ చేతిలోని మైకు లాక్కుంది. "ఓ భిక్షపతీ! ఆకలైతాంది. చాయ్, బన్ను పట్టుకరా!"

ఆ పేరు మైకులో మోగడం మక్తల్‌కు అదే మొదటిసారి. అందరూ ఆయన వైపు తిరిగారు.

"వస్తడు" అన్నాడు భిక్షపతి హోటల్ వైపు నడుస్తూ. "జర ఆగుండ్రి."