అణువులు చూసేవాడికి జీపు వచ్చిన రోజు

నా నోటిదురద వల్ల ఆ రోజు ప్రాణమే పోవలసింది. పోయింది పరువు మాత్రమే కాబట్టి ఇప్పుడిలా నవ్వుతూ చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను పరిశోధక విద్యార్థిని. ద్రావణంలో మునిగిన రాగి ఎలక్ట్రోడు దగ్గరికి, తాకీ తాకనట్టు, ఒక సూదిమొనను తీసుకెళ్లి, ఆ రాగి ఉపరితలం మీద అణువులు ఎలా అమరి ఉన్నాయో, ఎలా ఊడిపోతున్నాయో చూడటం నా పని. సెలవులకు ప్రొద్దుటూరు వస్తూ బస్సులో పక్కాయనతో, "నీళ్లలో రాగి కరుగుతుంటే అణువుల్ని ఒక్కొక్కదాన్నే చూస్తాను మామా. అవన్నీ నా గుప్పిట్లోనే!" అని గొప్పలు పోయాను. పల్లెల్లో బాంబులు టపాకాయల్లా పేలే ఫ్యాక్షన్ కాలమది. నాలాంటి తెలివైనవాణ్ణి మీరెక్కడైనా చూశారా?

మర్నాడు పొద్దున్నే మా ఇంటిముందు జీపు ఆగింది.

"అణువుల పిల్లోడివి నువ్వేనా? పెద్దాయన రమ్మంటాండు," అన్నాడొక మీసాలాయన.

పెద్దాయనంటే పులివెందుల వైపు పల్లెలో పార్టీ నాయకుడు. ఆయన పేరెత్తితే మావాళ్లు గొంతు తగ్గించేవాళ్లు.

"ఎందుకప్పా?"

"ఆడికొస్తే తెలుస్తాది. ఎక్కు."

చర్చిలో మా అమ్మ ఎంత గిల్లినా రాని భక్తి ఆ జీపులో పొంగుకొచ్చింది. నా చేత బాంబు చేయించడానికే పిలిచారు! చేస్తే పోలీసులు, చేయకపోతే వీళ్లు.

పెద్దాయన అరుగు మీద కూర్చున్నాడు. చుట్టూ మనుషులు.

"అణువుల మీద చదువుతాండావంట?" అన్నాడో లేదో, రెండు చేతులూ జోడించాను.

"సార్, నాకు బాంబులు చేసేది రాదు! మా ల్యాబులో ఇంతవరకు ఏదీ పేలలేదు. పేలినా అది నా వల్ల కాదు సార్!"

పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"బాంబులేందప్పా! ఆ పనికి నిన్ను పిలిచేంత కరువొచ్చిందా మాకు? తోటలో చీనీచెట్లు ఎండిపోతాండాయి. బోరులో పైపు ఊరికే తినిపోతాంది. నీళ్లలో రాగి ఎట్లా కరుగుతాదో నీకు తెలుసంట, మా బావకు బస్సులో చెప్పినావంట. సూడు."

తుప్పుపట్టిన పైపు ముక్క నా ఒళ్లో పడగానే పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఇనుప పైపు, ఇత్తడి జాయింటు, ఉప్పునీళ్లు. నేను రోజూ చూసే బాగోతమే!

"ఇత్తడి ఆనుకున్న కాడ ఇనుము అణువు అణువుగా నీళ్లలోకి పోతాంది సార్. ప్లాస్టిక్ పైపు వేయించండి," అన్నాను. నా చదువు ఒకరికి పనికిరావడం అదే మొదలు.

మీరు బత్తాయిలనే చీనీకాయల సంచితో జీపెక్కిస్తూ పెద్దాయన నా చెవిలో అన్నాడు: "పైపు సంగతి ఎవురికీ చెప్పొద్దప్పా. అణువుల మనిషి మా ఇంటికొచ్చి పోయినాడని పక్కూరోళ్లకు తెలిస్తే సాలు. శానా దినాలు నిమ్మళంగా పండుకుంటా."

ఆ జీపులోనే గుండె మీద చెయ్యేసుకుని ప్రతిజ్ఞ చేశాను. ఇక ఊపిరున్నంతవరకు, ఏం చదువుతున్నావని ఎవరడిగినా నాది బీకాం.