చిటికెన వేలి తూకం

మా పెద్దక్క మొగుడు, అంటే మా బావ, ఏ వస్తువునైనా చిటికెన వేలికి తగిలించి బరువు చూస్తాడు. ఆ వేలు తలుచుకుంటే నాకిప్పటికీ కంపరం.

మట్టిదారుల్లో తొక్కే నా మౌంటెన్ బైక్‌కి తేలికైన, గట్టి చక్రాల కోసం మా ఊరి పవర్ హౌస్ బజారంతా తిరుగుతుంటే బావే ఆపాడు. "కొత్తవెందుకే? నా పాత కార్బన్ చక్రాలు పట్టుకెళ్ళు. ఒక్కోటీ చిటికెన వేలితో లేచిపోతంది చూడు." నా కళ్ళముందే రిమ్ మీద ఓ ఎర్ర స్టిక్కర్ అతికించాడు, అందానికట.

స్టీల్ ప్లాంటులో తయారయ్యే రైలు పట్టాల తనిఖీ ఆయన ఉద్యోగం. వెంట్రుకంత బీట కనిపించినా పట్టాని పక్కన పడేయిస్తానని ప్రతి పెళ్ళిలోనూ చెప్పుకుంటాడు. అందుకే నమ్మాను.

ఊరి బయట ఉతై దారిలో ఓ గోతిలో దిగగానే ముందు చక్రం విరిగింది. పడ్డప్పుడు నా మణికట్టూ విరిగింది. చిరిగిన స్టిక్కర్ కింద పాత బీట, దాన్నిండా ఎండిపోయిన జిగురు.

అక్కతో ఆస్పత్రికొచ్చిన బావకి ఆ విరిగిన రిమ్ ముక్క చూపించాను.

"ఏటే, గొయ్యి చూసుకుని తొక్కాలి కదా!" అన్నాడు.

తర్వాత కట్టు కట్టిన నా చేతిని చిటికెన వేలితో పైకెత్తి, అక్కవైపు తిరిగి దాని తేలికదనాన్ని మెచ్చుకున్నాడు.

"అరే వాహ్, ప్లాస్టర్ భలే హల్కాగా వేశారే!"