నూట నలభై ఏడో నంబరు

ఆ భవనంలో పిల్లల కోసం చేసే చికిత్సల మీద పరిశోధన జరుగుతుంది. రెండో అంతస్తులో చివరి గది ఫోనక్కది. అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, ఇరవై ఏళ్ళుగా అక్కడ ఆమెను ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా ఫోనక్కా అనే అంటారు.

ఆమె పని చెప్పుకోవడానికి తేలిక. పిండాన్ని గర్భసంచిలో పెట్టించుకుని ఇళ్ళకు వెళ్ళిన ఆడవాళ్ళకు ఫోన్ చేయాలి. కాగితం మీద అచ్చయిన ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు చదవాలి. గర్భం నిలిచిందంటే సంతోషమండీ అనకూడదు, పోయిందంటే అయ్యో అనకూడదు. సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వెళ్ళిందో ఫోన్ చేసే మనిషికి తెలియనివ్వరు. గొంతులో జాలి వినిపిస్తే జవాబులు మారిపోతాయని పెద్ద డాక్టరమ్మ అంటుంది. అలా అనేవాళ్ళని ఒక్కపూట ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. అవతల ఒకావిడ వెక్కి వెక్కి ఏడుస్తుంటే, నాలుగో ప్రశ్న, జ్వరమేమైనా వచ్చిందా అని అడగడం ఎంత తేలికో అప్పుడు తెలుస్తుంది.

ఫోనక్క మాత్రం అడిగేది, తడబడకుండా. నిండుకుండ తొణకదని ఆమెను చూసి అందరూ అనేవాళ్ళు. కుండలో ఏముందో తొంగి చూసినవాళ్ళు లేరు.

అచ్చయిన నియమాలకు ఆమె సొంతంగా రెండు కలిపింది. కాగితంలో చివరి ప్రశ్న, ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అని. అది అడిగాక మనసులో పది దాకా లెక్కపెట్టాలి. రెండోది, ఫోన్ ముందు మనం పెట్టేయకూడదు, అవతలివాళ్ళే పెట్టాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ రెండూ నేర్పేటప్పుడు ఎప్పుడూ ఒకే మాట అనేది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా. అడిగి ఆగకపోతే అమ్మ కూడా చెప్పదు."

రోజుకు ముప్పైమందితో మాట్లాడే మనిషి ఇంటికి వెళితే పలకరించేది ప్రెషర్ కుక్కరొక్కటే. భర్త పోయి ఆరేళ్ళయింది. ఆదివారం చెల్లెలు ఫోన్ చేస్తుంది, అదీ ఇంటి ఫోనుకు. "ఆ డబ్బా ఇంకా ఎందుకక్కా, చేతిలో సెల్లు ఉండగా?" అని ప్రతి ఆదివారం అడుగుతుంది. గాలివానొచ్చినా చెడిపోదే, అని ఈమె ప్రతి ఆదివారం చెబుతుంది. అసలు సంగతి వేరే ఉంది.

ఇరవై రెండేళ్ళ కిందట ఆమె కూడా ఆ భవనం మెట్లెక్కింది, ఉద్యోగానికి కాదు, బిడ్డ కోసం. అప్పటి పరిశోధనలో ఆమె నంబరు నూట నలభై ఏడు. పద్నాలుగో రోజున ఇంట్లోనే పరీక్ష చేసుకోమన్నారు. చేసుకుంటే రెండు గీతలు కనబడ్డాయి. భర్త పనిమీద వేరే ఊళ్ళో ఉన్నాడు, శనివారానికి గానీ రాడు. ఈ మాట ముందు ఆయన చెవినే పడాలని ఆమె పట్టుబట్టింది. ఎవరితో పట్టుబట్టింది అంటే, తనతో తనే. బుధవారం భవనం నుంచి ఫోన్ వస్తే ఎత్తలేదు. గురువారమూ ఎత్తలేదు. ఆయనకు చెప్పకుండా కాగితానికెలా చెప్పను అనుకుంది. శుక్రవారం రక్తం కనబడింది. శనివారం పొద్దున మూడోసారి ఫోన్ మోగుతుంటే, పక్కనే కూర్చుని అది ఆగిపోయేదాకా చూసింది. సాయంత్రం భర్త వచ్చి ఏమైంది అని అడిగితే, "ఈసారీ రాలేదండీ" అంది. మూడు రోజులు తను తల్లినన్న మాట ఆయన పోయేదాకా కూడా చెప్పలేకపోయింది. మొదట దాచింది సంతోషం కోసం, తర్వాత దాచింది భయం వల్ల, ఆ తర్వాత దాచడమే అలవాటైపోయింది.

రెండేళ్ళ తర్వాత అక్కడే ఉద్యోగం ఖాళీ ఉందంటే చేరింది. అప్పటి డాక్టరు వెళ్ళిపోయాడు, పేర్ల జాబితా బీరువాలో తాళం కింద ఉంది, మిగతా కాగితాల మీద నంబర్లే. ఎవరికీ తెలియలేదు.

ఈ ఏడాది పెద్ద డాక్టరమ్మ ఆ పాత పరిశోధన మళ్ళీ తిరగదోడింది. అందులో పాల్గొన్నవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారో కనుక్కోవాలి. రెండు వందల పన్నెండు నంబర్లు ఫోనక్క బల్ల మీదికొచ్చాయి. నూట నలభై ఏడుకు ఎదురుగా తన ఇంటి ఫోను నంబరు, దాని పక్కన పాత సిరాతో "దొరకలేదు" అని ఉంది.

"దొరకనివాళ్ళని ఏం చేస్తారు డాక్టరమ్మా?" అని అడిగింది, ఏమీ తెలియనట్టు.

"గర్భం రానివాళ్ళ కింద లెక్కేస్తాం. అప్పుడూ అంతే చేశారు. తెలియనప్పుడు లేదనుకోవడమే పద్ధతి."

ఫోనక్క ఆ పాత సిరా మీద వేలు పెట్టింది. ఇరవై రెండేళ్ళుగా ఆ బిడ్డ రానే రాలేదని లెక్క. తను నోరు విప్పకపోతే ఈ శుక్రవారం జాబితా మూసేస్తారు, ఇక ఎప్పటికీ అదే లెక్క.

తన కాగితం తానే నింపుకోకూడదు, అది నియమం. వేరువేరు రోజుల్లో, వేరువేరు వేళల్లో మూడుసార్లు ప్రయత్నించాలి, అదీ నియమమే. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, సోమవారం పొద్దున పదింటికి ఆమె తన ఇంటికే ఫోన్ చేసింది. తాళం వేసిన ఇంట్లో, ఆరేసిన చీరల పక్కన ఆ డబ్బా మోగుతూ ఉండటం కళ్ళకు కట్టింది. మోగినన్నిసార్లూ లెక్కపెట్టి, ఎత్తలేదు అని రాసింది. బుధవారం మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ చేసి, మళ్ళీ అదే రాసింది. అలా చేయడం పిచ్చితనమని ఆమెకు తెలుసు. అయినా ఆ మోత వింటుంటే ఆ ఇంట్లో ఎవరో ఉన్నారేమో, ఎత్తుతారేమో అనిపించి, రెండుసార్లూ ఆఖరి దాకా రిసీవరు పెట్టలేకపోయింది.

గురువారం సాయంత్రం కింది అంతస్తుకు వెళ్ళింది. అక్కడ రక్తం తీసే నర్సు ఉంటుంది. ఎనిమిదంటే ఎనిమిదికే తలుపు తోస్తుంది కాబట్టి అందరూ ఆమెను గడియారం అంటారు. పదకొండేళ్ళలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటలన్నీ కలిపినా ఒక పేజీ నిండదు. గడియారం నోట్లో మాట దాగుతుంది, అందుకే ఆమె.

"రేపు నాకు సెలవు కావాలి. ఈ ఒక్క నంబరు మిగిలింది. నువ్వు చెయ్యగలవా?"

గడియారం కాగితం తీసుకుని చూసింది. "పదకొండింటికి చేస్తాను. పదకొండుంపావుకి నాకు సూది పనుంది."

"చివరి ప్రశ్న అడిగాక..."

"పది లెక్కపెట్టాలి. ముందు మనం పెట్టకూడదు. మీరే నేర్పారు కదక్కా."

శుక్రవారం ఫోనక్క ఇల్లు ఊడ్చింది. ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చింది. పదకొండుకు ఫోన్ మోగింది. ఒకటి, రెండు, మూడు. చెయ్యి లేవలేదు. మళ్ళీ అదే చేస్తున్నావు చూడు, అని తనను తాను తిట్టుకుని ఆరో మోతకు ఎత్తింది.

"హలో," అంది.

అటువైపు కలం మూత పెట్టి, మళ్ళీ తీసిన చప్పుడు. తర్వాత గడియారం గొంతు, మామూలుగానే వినిపించింది. "నమస్కారమండీ. పరిశోధన విభాగం నుంచి మాట్లాడుతున్నాను. నూట నలభై ఏడో నంబరు మీదేనా?"

"నాదేనండీ."

ప్రశ్నలు వరసగా వచ్చాయి. బీపీ ఉందా, షుగరుందా, ఆపరేషన్లేమైనా అయ్యాయా. ఫోనక్క ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది.

"చికిత్స తర్వాత గర్భం వచ్చిందా?"

"వచ్చింది."

"పరీక్షలో తెలిశాక ఎన్ని వారాలు నిలిచింది?"

"వారాలు కాదండీ. మూడు రోజులు."

అవతల కలం చప్పుడు ఆగింది. "ఇక్కడ గడి వారాలకే ఉందండీ."

"అయితే సున్నా వేసెయ్యండి."

"సున్నా ఎందుకండీ. పక్కన రాస్తాను. మూడు రోజులు." రాస్తున్న చప్పుడు ఫోన్లో వినబడింది. "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

అవతల గడియారం లెక్కపెడుతోందని ఫోనక్కకు తెలుసు. తనూ లెక్కపెట్టింది. నాలుగు, ఐదు. వేలమంది ఆడవాళ్ళకు తను ఇచ్చిన ఆ పది అంకెలు ఇంత పొడుగ్గా ఉంటాయని ఆమె అనుకోలేదు. ఎనిమిది దగ్గర ఏడుపు ముంచుకొచ్చింది.

"ముందు ఆయనకే చెబుదామని ఆగానండీ," అంది. "ఆయనకీ చెప్పలేదు. ఇదే మొదటిసారి చెప్పడం."

అయ్యో అనకూడదు. గడియారం అనలేదు. "రాసుకున్నానండీ," అంది.

ఆ తర్వాత ప్రశ్నలు లేవు. ఇటునుంచి ఆమె పెట్టేస్తే అయిపోతుంది. ఆమె రిసీవరును చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది. గోడ మీద పదకొండుంపావు దాటింది, పదకొండున్నర కావస్తోంది. ఒకసారి మాత్రం, అవతల ఎవరూ లేరేమోనని భయమేసి, "ఉన్నారా?" అని అడిగింది.

"ఉన్నానక్కా," అంది గడియారం.