తీసిన బొమ్మలు, దించిన బొమ్మలు

1962 చలికాలంలో నన్ను వికారాబాద్ డ్యూటీకి వేశారు. అప్పుడు నేను ఒక సర్కారీ ప్రచార కార్యాలయంలో రెండో తరగతి ఫోటోగ్రాఫర్‌ను. బడికి పోయింది నాలుగో జమాత్ వరకే. కెమెరా, రాతతెలుగు రెండూ సొంతంగా నేర్చుకున్నవే. డాక్ బంగళా తోటలో రాతి శిల్పాల ప్రదర్శన పెట్టారు. ఫిల్ము మధ్యాహ్నం రైలుకు హైదరాబాద్ పోవాలి. పట్నంలో పెట్టే బొమ్మలను ఎంచే కమిటీ వాళ్లు ఇక్కడికి రారు, ఫోటో చూసే తేలుస్తారు.

ముందురోజు తోటంతా తిరిగి చూశాను. తాండూరు సాయప్ప చెక్కిన గొల్లాయన దగ్గర నా కాళ్లు ఆగాయి. భుజాన గొంగడి, గడ్డం కింద కర్ర, కళ్లు సగం మూసి నిలబడి మందను కాస్తున్నాడు. పొరలుగా ఊడే నాపరాయిలో నిలువు మనిషిని తేవడం మాటలు కాదు. సాయప్ప గనిలో నేలకు పరిచే ఫర్షీ బండలు కొట్టే మనిషి. "ఎంపికైతే పట్నంల బొమ్మల పని ఇస్తరట సార్. లేకుంటే మల్ల ఫర్షే" అన్నాడు.

పొద్దున్నే బొమ్మలన్నీ దించుతానని సాయంత్రం మా పై అధికారికి చెప్పాను. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. "దించడమేమిటయ్యా? దించేది బస్తాలను. ఫోటో తీయడం అనాలి. మీ భాష ఎప్పుడు బాగుపడుతుంది?" అని నలుగురిలో అన్నారు. మా వైపు ఫోటో దిగుతాం, దించుతాం. అది తప్పని ఏ నిఘంటువులో ఉందో ఆయన చెప్పలేదు. నాకు ఈనాటికీ దొరకలేదు. పోతూ పోతూ ఆయన తోటమాలి మైసయ్యకు హుకుం ఇచ్చారు: "తెల్లారగానే బొమ్మలన్నీ తీసెయ్యాలి. కావలసిన మనుషుల్ని పెట్టుకో."

రాతికి పక్క వెలుతురు కావాలి. ఎండ నెత్తికెక్కితే చెక్కుడు కనిపించదు. అందుకని పొద్దుపొడుపుకే కెమెరాతో వెళ్లాను. దిమ్మెలన్నీ ఖాళీ. బొమ్మలు గోడ వారగా గడ్డిలో వెల్లకిలా వరసగా ఉన్నాయి. మోసిన హమాలీలు సంతకు పోయారు. సాయప్ప గొల్లాయన పక్కన కూర్చుని మన్ను తుడుస్తున్నాడు.

అధికారి వచ్చి, "నేనన్నది ఫోటోలయ్యా! దగ్గరుండి తీయించమన్నాను" అని మైసయ్య మీద విరుచుకుపడ్డారు. మైసయ్య రుమాలు సర్దుకున్నాడు. "తియ్యుమన్నరు, తీసినం సార్. దించుమంటే గీ ఫోటో సార్‌కు చెప్పెటోళ్లం."

అధికారి నా వైపు చూశారు. నేను లెన్స్ తుడుచుకుంటున్నాను.

నిలబెట్టే మనుషులు లేరు, రైలు ఆగదు. బంగళా నిచ్చెన తెప్పించి గోడకు వేసి, పైనుంచి గురిపెట్టి ఒక్కొక్కటే దించాను. సాయప్ప నిచ్చెన పట్టుకున్నాడు. గొల్లాయన వంతు రాగానే, "జర మంచిగ దించు సార్. ఆయన పండుకున్నా నేను నిలబడాలె" అన్నాడు.

కమిటీ గొల్లాయనను ఎంపిక చేసింది. 'విశ్రాంతి' అని పేరు కూడా వాళ్లే పెట్టి, పట్నంలో ఒక తోటలో ఫోటోలో ఉన్నట్టే పడుకోబెట్టి, కదలకుండా సిమెంటు వేశారు. అసలు సంగతి చెబుదామా అని సాయప్పను అడిగాను. "గట్లనే ఉండనీ సార్. ఆయన్ని లేపితే నా నౌకరి పోతది" అన్నాడు.

మాండలికంతో సిబ్బందిని అయోమయపరిచానని నాకు మెమో వచ్చింది. ఆ డ్యూటీ నేర్పింది ఒకటే: హుకుంలో పనితోపాటు పనిముట్టు పేరు కూడా ఉండాలి. అప్పటినుంచి రిటైరయ్యేదాకా 'కెమెరాతో దించుతాను' అని రాశాను. 'తీస్తాను' అని మాత్రం రాయలేదు.